ఇప్పపువ్వు పంట కాదట!

రాయపూర్ నుంచి భిలాయి వెళ్లే దారిలో ఖారూన్ నది దాటితే కుమ్హారి వస్తుంది. తెలుగు చెవికి ఆ పేరులో కుమ్మరి వినిపిస్తాడు. చుట్టూ వరి పొలాలు, చెరువులు, మొరం తవ్విన గుంతలు, ఫ్యాక్టరీ షెడ్లు, జాతీయ రహదారి మీద తెగని లారీల బారు. ఆ గుంతలు ఎంత లోతైనవో 2024 ఏప్రిల్ 9 రాత్రి దేశానికి తెలిసింది. మద్యం ఫ్యాక్టరీలో పని ముగించుకుని ఇళ్లకు వెళ్తున్న కార్మికుల బస్సు వాటిలో ఒకదానిలో పడి పది మందికి పైగా చనిపోయారు. ఇక్కడ తవ్వకాలకు కొదవ లేదు గానీ కనుచూపు మేరలో కొండ మాత్రం లేదు.

అలాంటి చోట నిలబడి కొండ జనం గురించి, మారిపోతున్న వాతావరణం గురించి మాట్లాడటమేమిటని ఎవరైనా అడగొచ్చు. కొండ కనిపించని మాట నిజమే. కానీ ఈ చుట్టుపక్కల కళకళలాడుతున్నదంతా కొండ పెట్టిన భిక్షే. పక్కనే ఉన్న భిలాయి ఉక్కు కర్మాగారంలో కరిగే ఇనుము సుమారు 90 కిలోమీటర్ల దూరంలోని దల్లీ రాజ్‌హరా కొండల నుంచి వస్తుంది. ఆ ఇనుమును చల్లార్చే నీళ్లూ కొండవే. భానుప్రతాప్‌పూర్ కొండల్లో పుట్టే తాండుల నదికి 20వ శతాబ్దం తొలినాళ్లలో బ్రిటిష్ వాళ్లు పొలాల కోసం కట్టిన జలాశయం తర్వాత ఉక్కుకూ ఆధారమైంది. అది చాలనప్పుడు సిహావా కొండల్లో పుట్టిన మహానది మీద 1970లలో కట్టిన గంగ్రేల్ ఆనకట్ట ఉంది. ఆ ఆనకట్ట కింద 50కి పైగా ఊళ్లు మునిగాయి. అంటే కొండ రాయి ఇచ్చింది, నీరిచ్చింది, ఊళ్లనూ ఇచ్చింది. బదులుగా దానికి ఏం దక్కిందన్న ప్రశ్న పాతదే. ఇప్పుడు వాతావరణం ఆ ప్రశ్నకు కొత్త పదును పెట్టింది.

భిలాయి కథ తెలుగువారికి పరాయిది కాదు. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ పునాదులు తవ్వడానికి, ఇటుకలు మోయడానికి, తర్వాత ఫర్నేస్‌ల దగ్గర చెమటోడ్చడానికి శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి మనుషులు రైలెక్కి వచ్చారు. భిలాయిని ‘మినీ ఇండియా’ అంటారు. ఆ ఇండియాలో తెలుగు వాటా తక్కువేమీ కాదు. ఇక్కడ మూడో తరం పిల్లలు ఇంట్లో ఉత్తరాంధ్ర యాసలో, వీధిలో ఛత్తీస్‌గఢీలో మాట్లాడతారు. ఆ కుటుంబాల్లో చాలా వాటికి ఉక్కు అన్నం పెట్టింది. కాబట్టి కర్మాగారాన్ని తిట్టి చేతులు దులుపుకోవడం అంత సులువు కాదు. అది నిజాయితీ కూడా కాదు.

రాజ్‌హరా ఇనుముకు భిలాయి కంటే పెద్ద వయసుంది. భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ 19వ శతాబ్దం చివర్లోనే ఈ కొండల్లోని ఖనిజం గురించి రాశారు. టాటాలు తమ కర్మాగారం కోసం మొదట కన్నేసింది దుర్గ్ జిల్లా మీదే. తర్వాత మయూర్‌భంజ్ వైపు వెళ్లారు కాబట్టి జంషెడ్‌పూర్ పుట్టింది, లేకుంటే చరిత్ర ఇంకోలా ఉండేది. అంతకు ముందు తరతరాలుగా మధ్య భారత కొండల్లో అగరియాలనే గిరిజనులు మట్టి కొలిమిలో బొగ్గుతో ఇనుము తీసేవారు. వెరియర్ ఎల్విన్ 1942లో వారి మీద ఏకంగా ఒక పుస్తకమే రాశారు. కొండవాళ్లకు ఇనుము తెలియదని, మనమెళ్లి నేర్పామని అనుకునేవారు ఆ పుస్తకం పేరైనా వినాలి.

రాజ్‌హరాలో కొండను చేత్తో తవ్వినవాళ్లు ఎక్కువగా చుట్టుపక్కల పల్లెల ఆడామగా కూలీలు, అదీ కాంట్రాక్టు మీద. 1977లో వారు సొంత సంఘం పెట్టుకున్నారు. ఆ జూన్‌లోనే పోలీసు కాల్పుల్లో 11 మంది చనిపోయారు. వారి నాయకుడు శంకర్ గుహా నియోగి 1991 సెప్టెంబర్ 28న భిలాయిలో నిద్రలోనే కాల్పులకు బలయ్యారు. కూలీలు తమ చందాలతో 1983లో తెరిచిన షహీద్ ఆస్పత్రి సంఘం చేసిన పనుల్లో అందరికీ తెలిసింది. అంతగా తెలియనిది ఒకటుంది. మద్యం మాన్పించడం, గనుల్లో యంత్రాలు మనుషుల్ని తరిమేయకుండా అడ్డుకోవడంతో పాటు ఆ సంఘం అడవి గురించి కూడా మాట్లాడింది. ఏ చెట్టు ఏమిస్తుందో, అది పోతే ఏం పోతుందో గని కార్మికుడికి చెప్పడం తన పనేనని 1980లలోనే అనుకున్న కార్మిక సంఘం దేశంలో ఇంకొకటి ఉందేమో వెతకాల్సిందే. గనిలో ఉద్యోగం కొండ ఉన్నన్నాళ్లే, చెట్టు ఇచ్చేది మాత్రం మనవల దాకా ఉంటుందన్న లెక్క దాని వెనక ఉంది.

ఆ లెక్క ఇప్పుడు తేలుతోంది. రాజ్‌హరా ఖనిజం తరిగిపోతోంది. భిలాయి చూపు దక్షిణాన బస్తర్ అంచులోని రావ్‌ఘాట్ కొండల మీదికి మళ్లింది. ఛత్తీస్‌గఢ్‌లో బైలదిల్లా తర్వాత పెద్ద ఇనుప నిల్వ అదే. దల్లీ రాజ్‌హరా నుంచి అక్కడికి 95 కిలోమీటర్ల రైలు మార్గం తలపెట్టి, అడవిలో కాపలా జవాన్ల నీడన ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా వేసుకుంటూ వెళ్లారు. 2022 నాటికి రైలు అంతాగఢ్ చేరింది, ఆ ఏడే రావ్‌ఘాట్‌లో ఒక మూల తవ్వకం కూడా మొదలైంది. స్థానికులకు ఆ కొండ మీద దేవుడున్నాడు. అంతకంటే ముఖ్యంగా ఇప్పచెట్లు, తునికి పొదలు, సారపప్పు చెట్లు, వాగులు ఉన్నాయి. దేవుడి గురించి పత్రికలు రాస్తాయి. చెట్ల గురించి రాసేది తక్కువ. అసలు గొడవ మాత్రం అక్కడే ఉంది.

కొండవాడి ఆదాయం ఏ నెలలో ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. వానాకాలంలో వాలు నేలల మీద సామలు, అరికెలు, కొంచెం మెట్ట వరి. అవి తిండికే సరి. చేతిలో రొక్కం ఆడేది మార్చి నుంచి మే దాకా. మార్చి, ఏప్రిల్‌లలో ఇప్పపువ్వు. ఏప్రిల్, మేలలో తునికాకు. మధ్యలో చింతపండు, సారపలుకులు. ఏడాదికి కావలసిన ఉప్పు, నూనె, బట్టలు, పిల్లల ఫీజులు, పెళ్లి అప్పు వాయిదా అన్నీ ఈ మూడు నెలల మీదే ఆధారపడి ఉంటాయి. ఇంటి ఖర్చు లెక్కల్లో ఈ మూడు నెలలు మైదానం రైతుకు ఖరీఫ్ లాంటివి.

ఇప్పపువ్వు ఏరడం చూసినవారికి దానిలోని సున్నితం తెలుస్తుంది. పువ్వు రాత్రి చివరి జాముల్లో రాలుతుంది. తెల్లవారక ముందే చెట్టు కింద ఉండాలి. ఆలస్యమైతే పశువులో, జింకలో, ఎలుగుబంట్లో తినేస్తాయి. ఒక్కో చెట్టు కింద రెండు మూడు వారాలు ఇదే పని. ఏరిన పువ్వును ఎండలో ఆరబెడితే కిస్‌మిస్‌లా ముడుచుకుంటుంది. అలా ఆరడానికి ఎడతెగని ఎండ కొన్ని రోజులు కావాలి. మధ్యలో ఒక్క వాన పడిందా, పువ్వు నల్లబడుతుంది, బూజు పడుతుంది. నల్లబడిన పువ్వుకు సంతలో వ్యాపారి చెప్పిందే ధర. చెట్టు మొగ్గ మీద ఉన్నప్పుడు వడగళ్లు కొడితే ఆ ఏడాదికి ఆ చెట్టు సంగతి అయిపోయినట్టే.

తునికాకుదీ అదే తీరు. ఎండాకాలం ముందు పొదలు కొట్టిస్తే లేత ఆకు వస్తుంది. ఆ ఆకు కోసి, 50 చొప్పున కట్టలు కట్టి, కల్లంలో ఎండబెట్టాలి. వడగండ్లకు ఆకు చిరుగుతుంది, తడిస్తే మచ్చలు పడుతుంది. బీడీకి రెండూ పనికిరావు. ఛత్తీస్‌గఢ్‌లో తునికాకు కోసే కుటుంబాలు 12 లక్షలకు పైనే. వెయ్యి కట్టల స్టాండర్డ్ బ్యాగుకు ప్రభుత్వం 2018లో 2,500 రూపాయలు ఇచ్చేది. 2019లో దాన్ని 4,000 చేశారు, 2024లో 5,500. రెండు పార్టీల ప్రభుత్వాలూ పోటీ పడి పెంచాయి, మంచిదే. అయితే బ్యాగుకు 50 వేల ఆకులు. లెక్క వేస్తే ఆకుకు 11 పైసలు. ఆ 11 పైసలు కూడా ఎండ కాసినప్పుడే.

ఇక్కడ వాతావరణం మాట వస్తుంది. ఒక మార్చిలో పడిన ఒక వడగళ్ల వానను చూపించి ఇదిగో భూతాపం అనడం తొందరపాటు. మధ్య భారతంలో ఎండాకాలం మొదట్లో వడగళ్లు తాతల నాటి నుంచీ ఉన్నవే. ఉత్తరాది చలిగాలి, బంగాళాఖాతం తేమ ఎదురైన చోట ఉరుములు తప్పవు. అయితే కొన్ని మార్పులు దశాబ్దాల లెక్కల్లో స్పష్టంగా కనిపిస్తున్నాయి. కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో వెలువరించిన నివేదిక ప్రకారం 1901 నుంచి 2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత 0.7 డిగ్రీలు పెరిగింది. 1951 నుంచి 2015 మధ్య నైరుతి వానలు మొత్తం మీద 6 శాతం తగ్గాయి. వింత ఏమిటంటే, అదే కాలంలో మధ్య భారతంలో ఒక్క రోజులో 150 మిల్లీమీటర్లు మించి కురిసే కుంభవృష్టులు 75 శాతం దాకా పెరిగాయి. వాన మధ్యలో వచ్చే ఎండుగడ్డు రోజులూ పెరిగాయి. మొత్తం తక్కువ, కురిసినప్పుడు కుండపోత, మధ్యలో పెద్ద విరామం. ఆ పైన 2024 మన దేశంలో 1901 తర్వాత అత్యంత వేడి సంవత్సరంగా నమోదైంది.

మైదానంలో కుండపోత పడితే నీరు చెరువులో నిలుస్తుంది. కొండవాలు మీద మట్టి పొర పలచన. అక్కడ కుండపోత అంటే నీరు జారిపోవడం, దాంతో పాటు ఆ పలచటి మట్టీ పోవడం. ఊట నీళ్లు ముందే ఎండుతాయి. కొండ కింది జలాశయానికి ఒకేసారి వరద, వెంట పూడిక. ఇలాంటి వాలు మీద చెట్లు కొట్టి, ఓపెన్ కాస్ట్ తవ్వకం తెరిచి, తవ్విపోసిన మట్టిని గుట్టలుగా పెడితే పెద్దవానకు ఆ ఎర్రమట్టి ఎటు పోతుందో చెప్పడానికి శాస్త్రవేత్త అక్కర్లేదు. బైలదిల్లా కింద శంఖిని, డంకిని నదులు ఎర్రగా పారడం దశాబ్దాల కథ. వానల తీరు మారాక ఆ కథ ఇంకా ముదురుతుంది. గనినీ వాతావరణాన్నీ వేర్వేరు సమస్యలుగా, వేర్వేరు మంత్రిత్వ శాఖల్లో చూసుకోవడం ఢిల్లీకి వీలవుతుంది. వాలు మీద ఉన్న పొలానికి అవి రెండూ ఒకే రోజు, ఒకే వానలో వస్తాయి.

వేడికి అడవి కూడా మారుతుంది. ఇప్పపువ్వు ఏరడానికి వీలుగా చెట్టు కింద ఎండాకులను కాల్చడం పాత అలవాటు. అడవి కాస్త తడిగా ఉన్న రోజుల్లో ఆ మంట అక్కడే చల్లారేది. పొడి ఏడాదిలో అది కొండ దాటుతుంది, ఇప్ప మొలకలను మాడ్చేస్తుంది. కొత్త చెట్టు పూతకు రావడానికి దాదాపు పదేళ్లు. మొలకలు బతకకపోతే ఇవాళ పూస్తున్న ముసలి చెట్ల తర్వాత ఏమిటి? ఈ అలవాటు మాన్పించడానికి అటవీ శాఖ చెట్ల కింద కట్టే వలలు పంచుతోంది. వలలో పడిన పువ్వుకు మట్టి అంటదు, శుభ్రమైన తిండి సరుకుగా ఎక్కువ ధర వస్తుంది. 2021లో కోర్బా అడవుల ఎండు ఇప్పపువ్వు ఫ్రాన్స్‌కు ఓడెక్కింది కూడా. బ్రిటిష్ కాలంలో బొంబాయి ప్రభుత్వం 1892లో ఇప్పపువ్వును కట్టడి చేయడానికే ఒక చట్టం తెచ్చింది. ఆబ్కారీ ఆదాయానికి ఈ పువ్వు గండి కొడుతుందని దానికి భయం. అప్పుడు దొంగ సరుకైన పువ్వు ఇప్పుడు ఎగుమతి సరుకు. మన ఆదిలాబాద్‌లోనూ ఉట్నూరు గిరిజన మహిళలు ఇదే పువ్వుతో లడ్డూలు చేసి పేరు తెచ్చుకున్నారు.

ఇంత పేరున్న పువ్వు ప్రభుత్వ కాగితాల్లో పంట కాదు. ‘చిన్నతరహా అటవీ ఉత్పత్తి’. ఈ ఒక్క మాటలో కొండవాడి కష్టమంతా ఇరుక్కుని ఉంది. వడగళ్లకు వరి పోతే తహసీల్దారు వస్తాడు, నష్టం 33 శాతం దాటిందా లేదా అని చూస్తాడు, సాయం ఇవ్వడమో ఎగ్గొట్టడమో తర్వాత సంగతి, కనీసం రాసుకుంటాడు. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమాలో వరి ఉంది, నోటిఫై చేసిన చోట సామలు, అరికెలు కూడా ఉన్నాయి. అదే వడగళ్లకు అదే ఇంటివాళ్ల ఇప్పపువ్వు పోతే రాసుకునే గడి ఏ ఫారంలోనూ లేదు. విత్తింది కాదు, ఏరింది కదా అన్నది తర్కం. విత్తనం ఖర్చు లేదు కాబట్టి నష్టం లేదట! ఇరవై రోజులు తెల్లవారుజామున అడవిలో నడుం వంచిన ఆడమనిషి కష్టం పెట్టుబడి కింద లెక్కకు రాలేదు.

మద్దతు ధర ఉంది కదా అంటారు. ఉంది. 2020లో ఛత్తీస్‌గఢ్ ఎండు ఇప్పపువ్వుకు కిలో 30 రూపాయలు ప్రకటించింది, పాత ధర కంటే చాలా మేలు. కానీ మద్దతు ధర ధర పడిపోయినప్పుడు ఆదుకునేది, సరుకే పోయినప్పుడు కాదు. పైగా నల్లబడిన పువ్వును కొనుగోలు కేంద్రం తీసుకోదు. తునికాకు కోసేవారికి 2020లో ఒక సామాజిక భద్రతా పథకం వచ్చింది. కుటుంబ పెద్ద చనిపోతే డబ్బు వస్తుంది. చెప్పుల పంపిణీ పథకం కూడా ఉంది, మధ్యలో ఆగి 2025లో మళ్లీ మొదలైంది. మనిషి పోతే బీమా ఉంది, కాలికి చెప్పులున్నాయి, ఆకు పోతే మాత్రం ఏమీ లేదు. పథకాలు రాసేవారికి గిరిజనుడు ఆదుకోవలసిన అభాగ్యుడుగా కనిపిస్తాడు. ఒక ఉత్పత్తిదారుడిగా, ఏటా రాబడి నష్టాల లెక్క ఉన్నవాడిగా కనిపించడు.

పంట అనిపించుకుంటే ఏమవుతుందో చూడాలంటే అరకు వెళ్లాలి. భిలాయి నుంచి అరకు చాలా దూరం అనిపిస్తుంది గానీ, బస్తర్ ఇనుము రోజూ వెళ్లే దారి అదే. బైలదిల్లా ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం అనంతగిరి, అరకు కొండల్లో 50కి పైగా సొరంగాలు దూరి విశాఖ చేరుతుంది. అదే ఖనిజం విశాఖ ఉక్కుకూ ఊపిరి. ఆ కర్మాగారం కోసం 1966లో తెలుగు నేల మీద 32 మంది ప్రాణాలిచ్చారు. ఉక్కు మన హక్కు అన్నాం, సరే. ఆ రాయి వచ్చే కొండ ఎవరి హక్కో అడగడం మాత్రం మరిచాం. 2019 జూన్‌లో బైలదిల్లాలో 13వ నిక్షేపం తవ్వొద్దంటూ వేలాది గిరిజనులు కిరండూల్‌లో రోజుల తరబడి బైఠాయించినప్పుడు ఆ వార్త విశాఖలో ఏ మూలన అచ్చయిందో!

ఆ రైలు కిటికీలోంచి కనిపించే కాఫీ తోటలు ఇప్పుడు గిరిజనులవి. అక్కడి కాఫీకి పారిస్‌లో 2017లో దుకాణం వెలిసింది, 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అరబికాకు చల్లదనం కావాలి, నీడ కావాలి, పూతకు ముందు వేళకు ఒక జల్లు కావాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను నీడనిచ్చే సిల్వర్ ఓక్‌లను నేలకూల్చి తోటలను ఎండకు వదిలేసింది. చెట్టు పడటం ఒక రాత్రి పని, నీడ తిరిగి రావడానికి ఏళ్లు పట్టింది. నీడ పలచనైతే కాండం తొలిచే పురుగుకు పండగ. 2025లో మరో శత్రువు దిగింది. కాఫీ కాయ తొలిచే పురుగు 1990లో నీలగిరుల్లోని గూడలూరులో మన దేశంలో తొలిసారి కనిపించింది. ఇన్నేళ్లూ అరకుకు అది సోకకపోవడం ఒక అదృష్టం. వేడి పెరిగే కొద్దీ ఈ పురుగు ఏడాదిలో ఎక్కువ తరాలు పెడుతుందని, పైకొండలకు ఎగబాకుతుందని ఆఫ్రికా అనుభవం చెబుతోంది.

పురుగు కనిపించగానే అరకులో ఏం జరిగింది? కాఫీ బోర్డు వచ్చింది, ఐటీడీఏ వచ్చింది, శాస్త్రవేత్తలు తోట తోటా తిరిగారు, సోకిన కాయలు కోయించి నాశనం చేయించారు, పోయిన కాయకు కిలో లెక్కన పరిహారం ప్రకటించారు. అంతా సవ్యంగా జరిగిందని కాదు. కానీ కదలిక వచ్చింది. ఎందుకంటే కాఫీకి బోర్డుంది, ఎకరాల లెక్కుంది, బ్రాండుంది. అదే కొండ మీద ఇప్పచెట్టుకు ఏ తెగులొచ్చిందో అడిగే నాథుడు లేడు. 1997, 98లలో అమర్‌కంటక్, మండ్లా వైపు సాల వృక్షాలను తొలిచే పురుగు విరుచుకుపడితే లక్షల చెట్లు నరికారు. అది కలప కాబట్టి అటవీ శాఖ గోల పెట్టింది. కలప సర్కారుది, పువ్వు గిరిజనుడిది. గోల ఎవరిది పోతే వస్తుందో ఇక్కడే తెలిసిపోతుంది.

డబ్బు లేదా అంటే ఉంది. 2015లో గనుల చట్టాన్ని సవరించి ప్రతి గని జిల్లాలో జిల్లా ఖనిజ నిధి పెట్టమన్నారు. రాయల్టీ మీద పాత లీజులకు 30 శాతం, కొత్త వేలం లీజులకు 10 శాతం అదనంగా ఇందులో జమ కావాలి. ఛత్తీస్‌గఢ్‌లో ఈ నిధి చిన్నది కాదు. గని ప్రభావిత జనానికే ఖర్చు చేయాలన్నది నియమం. భవనాలు, కాంట్రాక్టులు, ఆ మీదట అక్రమాల దర్యాప్తుల దాకా ఈ నిధి ప్రయాణం సాగింది. ఇందులోంచి ఒక చిన్న పాయ తీసి, వడగళ్ల ఏడాది ఇప్పపువ్వు, తునికాకు నష్టానికి ఊరి లెక్కన ఒక మొత్తం ఇవ్వడానికి అడ్డు ఏమిటి? తునికాకు ప్రతి కల్లంలో ఎన్ని కట్టలు వస్తాయో సహకార సంఘాల పుస్తకాల్లో ఏళ్ల తరబడి నమోదై ఉంది. మామూలు ఏడాది రాబడి ఎంత, ఈ ఏడాది ఎంత అన్నది నిమిషాల్లో తేలే లెక్క. వరికి పంట కోత ప్రయోగాలు చేసే దాని కంటే ఇది తేలిక.

ఇప్పపువ్వుకు అలాంటి లెక్క లేదన్నది నిజం. దానికి చెట్ల హక్కు ఊరిదని తేలాలి. అటవీ హక్కుల చట్టం 2006లోనే వచ్చింది. ధమ్‌తరి జిల్లాలోని జబర్రా గ్రామానికి 2019లో 5 వేల హెక్టార్లకు పైగా అడవి మీద సామూహిక హక్కు పత్రం దక్కింది. మహానది పుట్టే సిహావా కొండల దగ్గరి ఊరది; అంటే భిలాయి నీళ్లకు కాపలా ఉన్న ఊరు. అలాంటి ఊళ్లకు పత్రం ఉంటే చెట్ల లెక్క వారే రాసుకుంటారు, నిప్పు వారే ఆపుకుంటారు. నీళ్లు తాగే కర్మాగారం ఆ కాపలాకు కూలి ఇస్తే తప్పేముంది? కాలువ నీటికి రుసుము కడుతున్నప్పుడు, కాలువ పైన ఉన్న అడవికి కట్టకూడదన్న నియమమేమీ లేదు.

తిండిగింజల విషయంలో కొండకు మందు కొంత ఇక్కడే, కుమ్హారికి కూతవేటు దూరంలోనే ఉంది. వరి శాస్త్రవేత్త ఆర్.హెచ్.రిఛారియా 1970లలో ఊరూరూ తిరిగి సేకరించిన దేశవాళీ వరి రకాలు రాయపూర్‌లోని ఇందిరా గాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. తర్వాత చేరినవాటితో కలిపి 20 వేలు దాటాయి. వాటిలో వాన వెనక్కిపోయినా త్వరగా కోతకొచ్చే మెట్ట రకాలున్నాయి. 2002లో ఒక బహుళజాతి విత్తన కంపెనీతో ఈ నిధిని పంచుకునే ఒప్పందానికి విశ్వవిద్యాలయం సిద్ధపడితే జనం తిరగబడి ఆపారు. అప్పుడు కాపాడుకున్న విత్తనాలు చల్లటి గదిలో ఉన్నాయి సరే, అవి పుట్టిన కొండకు తిరిగి వెళ్లేదెప్పుడు? 2021లో మొదలైన చిరుధాన్యాల మిషన్ సామలు, అరికెలకు క్వింటాల్‌కు 3,000 రూపాయలు చూపించి కొన్ని జిల్లాల్లో వాటికి ప్రాణం పోసింది. అలాంటి చొరవే మెట్ట వరికీ కావాలి.

ఇక ఉక్కు సంగతి. మన దేశంలో టన్ను ఉక్కుకు సుమారు రెండున్నర టన్నుల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తోంది. ప్రపంచ సగటు రెండు టన్నుల లోపే. యూరప్ 2023 అక్టోబర్ నుంచి దిగుమతి ఉక్కుకు ఈ లెక్క చెప్పమంది, 2026 జనవరి నుంచి దాని మీద సుంకం దశలోకి అడుగుపెట్టింది. మన ఉక్కు మంత్రిత్వ శాఖ కూడా 2024 డిసెంబర్‌లో టన్నుకు 2.2 టన్నుల లోపు ఉంటేనే పచ్చ ఉక్కు అంటామని హద్దు గీసింది. అందువల్ల రాబోయే ఏళ్లలో కర్మాగారాల ఆధునికీకరణకు వేల కోట్లు పెడతారు, పెట్టాలి కూడా. అయితే ఆ పచ్చదనాన్ని పొగగొట్టం దగ్గర మాత్రమే కొలుస్తారు. ఖనిజం వచ్చిన కొండ దగ్గర కొలిచే పద్ధతి యూరప్‌కూ లేదు, మనకూ లేదు.

రావ్‌ఘాట్‌లో తవ్వకం ఇంకా తొలిదశలోనే ఉంది. అక్కడి ఊళ్లలో ఏ చెట్టు కింద ఎవరు ఏరుతారో, ఏ ఇంటికి ఎన్ని కిలోల పువ్వు వస్తుందో ఇప్పుడైతే రాసుకోవచ్చు. ఇప్పపూల కాలం మార్చిలో మొదలవుతుంది.